సొంత పాటల బ్యాండు: మళ్లీ మళ్లీ వచ్చే యాభై మందిని సంపాదించుకోవడం ఎలా

గిటారు, బేస్, డ్రమ్స్ పక్కన డప్పో, కిన్నెరో (సొరకాయ బుర్రల తీగ వాయిద్యం) పెట్టుకుని తెలుగులో సొంత పాటలు కట్టే బ్యాండ్లు హైదరాబాదులో ఇప్పుడు అరుదేం కాదు. మొదటి ప్రోగ్రాముకి స్నేహితులు, చుట్టాలు, ఆఫీసువాళ్లు కలిసి ఎనభై మంది వస్తారు. రెండోదానికి ముప్పై. మూడోదానికి పన్నెండు. చాలా బ్యాండ్లు అక్కడే ఆగిపోతాయి. తప్పు పాటది కాదు. వచ్చిన మనిషిని మళ్లీ రప్పించే ఏర్పాటు ఏదీ చేసుకోలేదు, అంతే. లైకులు, వ్యూలు ఎన్ని వచ్చినా పక్కన పెట్టండి. మీకు తెలియని మనుషులు ఎంతమంది రెండోసారి వచ్చారన్నదే లెక్క. ఆ సంఖ్య యాభైకి చేరితే ఊళ్లో మీ బ్యాండుకి కాళ్లు వచ్చినట్టే.

ఈ దారి కొత్తది కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో 1987లో మొదలైన అంకుల్ టుపెలో అనే బ్యాండు, పాత కంట్రీ పాట (అక్కడి పల్లె బాణీ) ఎముకల మీద రాక్ సత్తువ ఎక్కించింది. తర్వాత ఆల్ట్-కంట్రీ అని పేరు పడ్డ బాణీకి పునాది వేసినవాళ్లలో వాళ్లొకరు. నది దాటితే వచ్చే సెయింట్ లూయిస్‌లోని చిన్న చిన్న క్లబ్బుల్లో పదే పదే వాయించి జనాన్ని కూడగట్టుకున్నారు. దగ్గరి పట్నం, చిన్న గది, ఎక్కువసార్లు. జానపదం మీద అదే పని చేస్తున్న తెలుగు బ్యాండుకీ సూత్రం ఇదే.

ముందు నలభై నిమిషాలు

గంటన్నర సెట్ (వేదిక మీద ఒక వంతులో వాయించే పాటల వరస) మొదట్లో వద్దు. నలభై నిమిషాలు, ఎనిమిది పాటలు చాలు. అందులో ఐదు సొంతవి, రెండు జానపదాలు, ఒకటి అందరికీ తెలిసిన పాట. తెలిసిన పాటని నాలుగో చోట పెట్టండి. మొదట పెడితే తర్వాత వచ్చే సొంత పాటలు దానిముందు చప్పబడతాయి. చివర పెడితే ఇంటికెళ్లేవాళ్లు దాన్నే కూనిరాగం తీస్తూ పోతారు. చివరి పాట తప్పకుండా మీదే, పల్లవి ఒక్కసారి వింటే పట్టుబడేది అయి ఉండాలి.

పాటల వరస వేసేటప్పుడు శ్రుతి చూడండి. కిన్నెరని పాటకో శ్రుతికి మార్చడం వేదిక మీద కుదిరే పని కాదు. రెండు మూడు నిమిషాలు పడుతుంది, జనం ఫోన్లు తీస్తారు. కిన్నెర ఉన్న పాటలన్నీ ఒకే శ్రుతిలో కట్టి, పక్కపక్కన పెట్టండి. గిటారు వైపు కాపోతో (మెడకి బిగించి శ్రుతి మార్చే క్లిప్పు) సర్దుకోవచ్చు. పాటకీ పాటకీ మధ్య మాట ఇరవై సెకన్లు దాటకూడదు. ఆ మాటలు కూడా రిహార్సల్లోనే అనుకోవాలి. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు జామ్ రూమ్ (రిహార్సల్‌కి అద్దెకిచ్చే గది) తీసుకుంటే అందులో చివరి గంట సెట్ మొత్తాన్ని నిలబడి, ఆగకుండా వాయించండి. తప్పు పోయినా ఆగొద్దు. వేదిక మీద తప్పు పోయాక ఎలా కలుసుకోవాలో నేర్పేది ఆ గంటే.

జానపదం ఎత్తుకునేటప్పుడు ఒక జాగ్రత్త. తరాలుగా ఊళ్లో పాడుకుంటున్న పాట వేరు, ఒక కవి రాసి ట్యూన్ కట్టగా జనంలో కలిసిపోయిన పాట వేరు. రెండో రకం పాటకి హక్కుదారు ఉంటాడు. మన చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆయన పోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. "జానపదమే కదా" అని రికార్డు చేసి పెట్టాక రచయిత ఫోన్ చేస్తే పాట తీసెయ్యాల్సి వస్తుంది. పరువూ పోతుంది. ముందే కనుక్కుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తరాల పాటే అయినా ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరిదో వేదిక మీద చెప్పండి. ఆ పేరు చెప్పకుండా పాడటం మాకు దొంగతనంలాగే అనిపిస్తుంది.

చోటు, తేదీ

మూడొందల సీట్ల ఆడిటోరియంలో అరవై మంది కూర్చుంటే అది ఫెయిలైన ప్రోగ్రాము. అరవై మంది పట్టే గదిలో అదే అరవై మంది ఉంటే, తలుపు దగ్గర నిలబడ్డవాడు కూడా పదిమందికి చెప్తాడు. కాబట్టి గది ఎప్పుడూ మీ అంచనాకన్నా ఒక అంగుళం చిన్నదే చూసుకోండి. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లమకాన్ లాంటి చోట్లు ఈ పనికి బాగుంటాయి. మందు ఉండదు, చాయ్ సమోసా ఉంటాయి, వచ్చినవాళ్లు వినడానికే వస్తారు. పుస్తకాల షాపు వెనక హాలు, డ్యాన్స్ స్కూలు, అపార్టుమెంటు మేడ కూడా పనికొస్తాయి.

పబ్బుల సంగతి సూటిగా చెప్పుకుందాం. మూడు గంటలు సినిమా పాటలు వాయిస్తే డబ్బు వస్తుంది, మనుషులు రారు. అక్కడికి వచ్చినవాళ్లు పబ్బుకి వచ్చారు, మీకోసం రాలేదు. గిటారు తీగలకీ జామ్ రూమ్ అద్దెకీ ఆ డబ్బు కావాలి కాబట్టి మానెయ్యమనం. నెలకి రెండు చాలు, అవి కూడా వేరే పేరుతో వాయించండి. సొంత పాటల బ్యాండు పేరు మీద కవర్లు (వేరేవాళ్ల పాటలు) వాయిస్తే, మీ పేరు వినగానే జనం "ఫలానా సినిమా పాట వెయ్యండి బ్రో" అనడానికి అలవాటు పడతారు. ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పడుతుంది.

ఒకే చోట, ఒకే వారం, వరసగా నాలుగు నెలలు పెట్టుకోండి. ప్రతి నెలా మొదటి ఆదివారం అనుకుంటే అదే. జీతాలు పడి ఉంటాయి, జనానికి తేదీ గుర్తుపెట్టుకునే పని ఉండదు. పోస్టర్ చూడకపోయినా "ఇవాళ మొదటి ఆదివారం కదా" అని వచ్చేవాళ్లు మూడో నెల నుంచి కనపడతారు. సంక్రాంతికి ఊరు ఖాళీ అవుతుంది. ఆ వారం, దసరా వారం తగిలితే ప్రోగ్రామును వారం తర్వాతకి జరిపి, ఆ మాట నెల ముందే చెప్పండి. ఇంటర్ పరీక్షలప్పుడు కాలేజీ జనం రారు. ఐపీఎల్ నెలల్లో హైదరాబాద్ మ్యాచ్ ఉన్న రాత్రి ఎవరితోనూ పోటీ పడొద్దు.

మేడ మీదో ఆరుబయటో అయితే రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడటానికి వీల్లేదు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 నుంచీ ఉన్నాయి. మైకుకి పోలీసుల అనుమతి రాతపూర్వకంగా ఎవరు తీసుకుంటున్నారో, మీరా హాలువాళ్లా, డబ్బు కట్టేముందే తేల్చుకోండి. 7 గంటలకి మొదలు అని వేస్తే 7:15కి మొదలుపెట్టి 9:30కి కేబుళ్లు విప్పేలా లెక్క వేసుకోండి. దూరం నుంచి మెట్రోలో వచ్చిన మనిషి చివరి పాటకి ముందే లేచిపోతే ఆ నష్టం మీదే.

ఇంకో బ్యాండుతో కలిసి వేస్తే ఇద్దరికీ లాభం. మీ రాత్రిలో వాళ్లకి 25 నిమిషాలు, వాళ్ల రాత్రిలో మీకు 25 నిమిషాలు. మీ వంతు అయిపోగానే సామాను సర్దుకుని వెళ్లిపోవద్దు. అవతలి బ్యాండు చివరి పాటదాకా ముందు వరసలో నిలబడండి. వాళ్ల జనం అది చూస్తారు.

మాట వినపడాలి

తెలుగు పాటకి సగం బలం సాహిత్యంలో ఉంది. మాట అర్థం కాకపోతే ఎంత బాగా వాయించినా రెండోసారి రారు. అందుకే ఈ భాగం కాస్త పొడుగు.

అరవై మంది గదికి 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు, మానిటర్లు (వాయించేవాళ్లకి వాళ్ల శబ్దం వినిపించే స్పీకర్లు) రెండు, 12 ఛానెళ్ల మిక్సర్ సరిపోతాయి. ఏ ఛానెల్‌లో ఏముందో కాగితం మీద రాసి సౌండ్ చూసేవాళ్లకి రెండు రోజుల ముందే పంపండి: లీడ్ గొంతు, రెండో గొంతు, గిటారు, కిన్నెర, బేస్, జమిడిక (ఒకవైపు తోలు, రెండోవైపు తెరిచి ఉండి, తీగ మీటి వాయించేది), కాలితో కొట్టే కిక్ డ్రమ్. డప్పుకి ఈ గదిలో మైకు అక్కర్లేదు. మిగతా డ్రమ్స్‌కీ అక్కర్లేదు.

సౌండ్ చెక్ మామూలుగా డ్రమ్స్‌తో మొదలుపెడతారు. చిన్న గదిలో గొంతుతో మొదలుపెట్టండి. గదిలో ముందు కూత (స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి దూరితే వచ్చే కీచు) పెట్టేది గొంతు మైకే. కాబట్టి దాన్ని కూత వచ్చేదాకా పెంచి, అక్కణ్నుంచి కాస్త తగ్గించి, అదే పైకప్పు అనుకోండి. మిగతా వాయిద్యాలన్నీ దానికిందే సర్దుకోవాలి. డ్రమ్స్ ముందు సర్దితే ఆ మోతని అందుకోవడానికి గొంతు పెంచుతారు, కూత వస్తుంది, ఇక రాత్రంతా దానితోనే కొట్లాట. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు వెనకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తక్కువగా పట్టుకుంటుంది. అందుకని మానిటర్ సరిగ్గా మైకు వెనక, గాయకుడికి ఎదురుగా ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ రకం మైకు అయితే మానిటర్ కాస్త పక్కకి జరగాలి. మైకు తలని చేత్తో మూసి పట్టుకుంటే ఈ లెక్కంతా పోయి వెంటనే కూస్తుంది. గొంతు ఛానెల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, 250 దగ్గర కొంచెం తగ్గించండి. కుండలోంచి పాడినట్టుండే మోత పోతుంది.

ఇక పరీక్ష. మీ పాట ఇంతకుముందు వినని మనిషిని ఒకరిని చివరి వరసలో కూర్చోబెట్టి, మొదటి చరణం వినపడినట్టు కాగితం మీద రాయమనండి. రెండు మాటలకన్నా ఎక్కువ తప్పు రాస్తే గొంతు పెంచొద్దు, గిటార్లు తగ్గించండి. ముఖ్యంగా 2 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య గిటారుని 3 డెసిబెల్స్ తగ్గిస్తే హల్లులు బయటికొస్తాయి. అప్పటికీ తేలకపోతే తప్పు ట్యూన్‌లో ఉంది. పొడుగు మాటని చిన్న తాళంలో ఇరికించి ఉంటారు. ఇంటికెళ్లి చరణం తిరగరాయండి.

డప్పు ఈ గదుల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది. అది ఊరి వీధికోసం పుట్టింది, నాలుగు గోడలకోసం కాదు. డప్పు ముఖం గొంతు మైకు వైపు ఉంటే మైకులోకి పాటకన్నా డప్పే ఎక్కువ వెళ్తుంది. వాయించే మనిషిని ఓ మూలకి నిలబెట్టి, ముఖం పరదా ఉన్న వైపుకి తిప్పమనండి. చరణం దగ్గర సిర్ర (లావు కర్ర) పక్కన పెట్టి సిటికెన పుల్లతోనే (సన్న పుల్ల) నడిపి, పల్లవికి రెండూ అందుకుంటే పాట కూడా లేస్తుంది. తోలు డప్పుని మంట మీద కాచి బిగిస్తారు కదా, అది చల్లబడి గాలిలో తేమ పీల్చే కొద్దీ వదులవుతుంది. వానాకాలంలో అయితే మూడో పాటకే "ధబ్" మంటుంది. హాలులో మంట పెట్టలేరు కాబట్టి రెండు డప్పులు తెచ్చుకోండి. ఒకటి మోగుతుంటే రెండోదాన్ని పక్కన హెయిర్ డ్రయ్యర్‌తో అడుగు దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ వేడి చెయ్యాలి. దగ్గరగా పెడితే తోలు ఎండి పగులుతుంది. ప్లాస్టిక్ తోలు డప్పుకి ఈ బాధ లేదు, కానీ దాని మోత పలచగా, పదునుగా ఉంటుంది. మా ఓటు తోలుకే.

కిన్నెరది దీనికి పూర్తిగా తిరగేసిన సమస్య. దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర గురించి చాలామందికి తెలిసింది గానీ, బ్యాండులో పెట్టాక అది వినపడకుండా పోతుంది. మైకు పెట్టి పెంచితే సొరకాయ బుర్రలు మానిటర్ శబ్దానికి మోగి కూత పెడతాయి. చిన్న పీజో పికప్‌ని (కంపనాన్ని పట్టుకునే బిళ్ల) దండె బుర్రతో కలిసే చోట, తీసేయడానికి వీలైన బంకముద్దతో అంటించండి. ఫెవిక్విక్ వద్దు, ఊడదీసేటప్పుడు పెచ్చు లేస్తుంది. పీజోని మామూలు డీఐ బాక్సుకి (వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే డబ్బా) తగిలిస్తే శబ్దం రేకులా వస్తుంది. ఇన్‌పుట్ కనీసం ఒక మెగా ఓమ్ ఉన్న యాక్టివ్ డీఐ కావాలి. జమిడికకి మాత్రం మామూలు డైనమిక్ మైకు చాలు. శబ్దం తోలు వైపు నుంచి కాకుండా తెరిచి ఉన్న నోటి నుంచి వస్తుంది కాబట్టి మైకు అక్కడ జానెడు దూరంలో, కాస్త వారగా పెట్టాలి.

తలుపు దగ్గర బల్ల

టికెట్ చూసే మనిషి ప్రతి ఒక్కరినీ ఒక్క మాట అడగాలి: "మొదటిసారా అండీ?" కాగితం మీద రెండు గళ్లు, కొత్త, పాత. గీతలు గీస్తూ పోవడమే. మీ స్నేహితులనీ ఇంటివాళ్లనీ ఆ లెక్కలో కలపొద్దు. నాలుగు నెలల కాగితాలు పక్కపక్కన పెడితే విషయం తెలుస్తుంది. కొత్తవాళ్లు వస్తున్నారు, పాతవాళ్లు రావట్లేదంటే ప్రోగ్రాములో లోపం ఉంది, సౌండో సెట్టో చూడండి. పాతవాళ్లే వస్తున్నారు, కొత్తవాళ్లు లేరంటే మీ కబురు బయటికి పోవట్లేదు, ఇంకో బ్యాండుతో కలవండి.

కబురుకి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుని మించింది లేదు. గ్రూపు పెడితే గుడ్ మార్నింగులు మొదలై జనం మ్యూట్ చేస్తారు. కానీ బ్రాడ్‌కాస్ట్‌కి రెండు పరిమితులు ఉన్నాయి. ఒక్కో లిస్టులో 256 మందే. పైగా, మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. రెండోది తెలియక వంద నంబర్లు రాసుకుని, పంపిన మెసేజ్ ఎవరికీ అందక, "మనకి జనం లేరు" అని దిగులు పడే బ్యాండ్లు చాలా ఉన్నాయి. నంబర్లు రాసుకోవడం కాదు, బల్ల దగ్గరే వాళ్లచేత మీ నంబరు సేవ్ చేయించి, "డప్పు" అని ఒక మెసేజ్ కొట్టించండి. నెలకి మూడు కబుర్లు చాలు: ప్రోగ్రాము అయిన రాత్రే ఆనాటి పాట ఒకటి, వారం ముందు తేదీ, ఆ రోజు పొద్దున చోటూ వేళా.

అమ్మడానికి టీషర్టులు మొదట్లోనే వేయించొద్దు. సైజులు మిగిలిపోయి డబ్బు ఇరుక్కుంటుంది. దానికన్నా పాటల పుస్తకం వెయ్యండి. ఒకప్పుడు థియేటర్ బయట సినిమా పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు కదా, అచ్చం అలాంటిదే. నాలుగు ఏ4 కాగితాలు రెండు వైపులా అచ్చు వేసి మధ్యకి మడిస్తే 16 పేజీలు వస్తాయి. ఎనిమిది పాటల సాహిత్యం, జానపదం ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు, వచ్చే నాలుగు ప్రోగ్రాముల తేదీలు, వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్. అక్షరం 14 పాయింట్లకి తగ్గితే ఆ వెలుతురులో కనపడదు. పేజీల వరస తప్పకుండా బుక్‌లెట్ ప్రింటింగ్ అని జిరాక్స్ షాపులో స్పష్టంగా చెప్పండి. ముందు ఒక్క కాపీ తీయించుకుని మడిచి చూశాకే వంద వేయించండి. ముప్పై రూపాయలు పెడితే బాగానే పోతుంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్లిన మనిషి తర్వాతి నెల పల్లవి అందుకుంటాడు. గదిలో పదిమంది పల్లవి అందుకుంటే, పక్కనున్న కొత్తవాళ్లు తామేదో ఆలస్యంగా వచ్చామనుకుంటారు.

పాటల విడుదల కూడా ఈ క్యాలెండర్‌కే కట్టండి. ఆల్బమ్ ఒకేసారి వదిలితే వారంలో అయిపోతుంది. ఒక్కో పాటా, ప్రోగ్రాముకి రెండు రోజుల ముందు. పాటని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి నాలుగు వారాల ముందే పాట ఎక్కించాలి. స్పాటిఫై ప్లేలిస్టుల పరిశీలనకి పంపాలంటే విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు చెయ్యాలి. భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవడం, బ్యాండు పేరు స్పెల్లింగ్ ప్రతిసారీ ఒక్కలాగే రాయడం మర్చిపోకండి. ఒక అక్షరం మారితే పాట వేరే పేరు కిందికి పోతుంది.

డబ్బు, కాగితాలు

లెక్క ఇలా ఉంటుంది. టికెట్ 199 అనుకుందాం, 60 మంది వస్తే 11,940. హాలుకి 3,000, సౌండ్‌కి 4,000, పోస్టర్లకీ ఆటోలకీ 500 పోతే 4,440 మిగులుతుంది. ఐదుగురు ఉంటే ఆరు వాటాలు వెయ్యండి, ఒక్కోటి 740. ఆరోది బ్యాండు డబ్బా. తీగలు, కేబుళ్లు, రికార్డింగ్ అందులోంచే. సంగీత కార్యక్రమానికి టికెట్ మనిషికి 500 దాటనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మితే ఆ వేదిక తీసుకునే రుసుము వేరు. కంపెనీల ప్రోగ్రాములకి వెళ్తే ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు కాబట్టి ఎవరి పాన్ మీద కోశారో రాసి పెట్టుకోండి.

ప్రతి పాటకీ ఒక కాగితం ఉండాలి: సాహిత్యం ఎవరు, ట్యూన్ ఎవరు, ఎవరికెంత శాతం, అందరి సంతకాలు. పాట కట్టిన వారంలోనే రాసెయ్యండి. పాట పేలాక ఈ మాట ఎత్తితే స్నేహాలే తెగుతాయి. రాసినవాళ్లూ ట్యూన్ కట్టినవాళ్లూ ఐపీఆర్ఎస్‌లో (రచయితల, సంగీతకర్తల రాయల్టీ వసూలు చేసే సొసైటీ) సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేసుకుంటే రాయల్టీకి దారి ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఆ రాయల్టీ వాటాని మీరు రాసిచ్చినా చెల్లదు, చట్టబద్ధమైన వారసులకీ, వసూలు చేసే కాపీరైట్ సొసైటీకీ తప్ప. ఎవరైనా "మొత్తం హక్కులూ మాకే" అనే కాగితం ముందు పెడితే సంతకం పెట్టేముందు లాయరుకి చూపించండి.

రెండో ఊరు

సొంత ఊళ్లో పాత గడిలో యాభై గీతలు పడ్డాకే రెండో ఊరు. వరంగల్ అయితే పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు. విశాఖ అయితే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారికి దిగుతారు. బెంగళూరులో తెలుగు పాట కోసం మొహం వాచిన జనం ఉన్నారు. ఏ ఊరైనా ఒక్కసారి వెళ్లి ఊరుకుంటే దండగ. నాలుగు నెలల్లో మూడుసార్లు వెళ్లే ఓపిక, డబ్బాలో రైలు ఛార్జీ ఉంటేనే మొదలుపెట్టండి. మొదటిసారి ఆ ఊరి బ్యాండుకన్నా ముందు 25 నిమిషాలు, రెండోసారి వాళ్లతో సమానంగా, మూడోసారి మీ పేరు మీద. రైల్లో డప్పుని బెర్తు కింద పెట్టేటప్పుడు ముఖం పైకి ఉండాలి, పైన బ్యాగు పెట్టకూడదు. కిన్నెర చేతిలోనే ఉండాలి, బుర్రకి పగులు వస్తే ఆ రాత్రికి ఇంకోటి దొరకదు.